టెంప్లేట్‌లో ఏ ఫిల్టర్ ఎక్కడ వాడాలి: తెలుగు సైట్లు కట్టేవాళ్లకి నా సలహా

విజయనగరంలో ఒక బట్టల షాపుకి సైట్ చేసి ఇచ్చాను. చిన్న పనే, పొందూరు ఖద్దరు పంచెలు, చీరలు, ఓ ముప్ఫై నలభై ఐటెమ్‌లు, కింద రెండు బ్రాంచిల అడ్రసులు. ఫోన్‌లో చూసినప్పుడు బ్రాంచి కార్డులు పొడవైపోతున్నాయని ఊరి పేరుని ఏడు అక్షరాల దగ్గర కోసే ఫిల్టర్ పెట్టాను, నా ఫోన్‌లో ఒక్కసారి కూడా సరిగ్గా చదవకుండా పైకి పంపేశాను. మర్నాడు పొద్దున్నే ఓనరు గారి ఫోన్. "ఏటి బాబూ, మా ఊరి పేరే తప్పు పడింది" అన్నారాయన. చూస్తే నిజమే. "విజయనగరం" అని ఉండాల్సిన చోట "విజయనగర" అని ఉంది. అది మన ఊరు కాదు, తుంగభద్ర ఒడ్డున ఉన్న హంపీ పేరు.

కంటికి ఆ పేరులో ఉన్నవి ఆరు అక్షరాలే: వి, జ, య, న, గ, రం. కంప్యూటర్ లెక్క వేరు. దానికి గుడి ఒకటి, సున్న ఒకటి, విడివిడిగా కోడ్‌పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఒక్కో నంబరు. మొత్తం ఎనిమిది. ఏడు దగ్గర కోస్తే సున్న ఎగిరిపోయింది, ఫిల్టర్ మాత్రం తన పని తాను సరిగ్గానే చేసింది.

ఈ మధ్య శ్రీకాకుళంలో బీటెక్ చదువుతున్న మా పిన్ని కొడుకు అడిగాడు, "అన్నా, కాలేజీ ప్రాజెక్టుకి ఫ్లాస్క్ తీసుకోనా, జాంగో తీసుకోనా, లారవెల్ తీసుకోనా, ఫిల్టర్లు ఎందులో బాగుంటాయి?" అని. ఫ్లాస్క్, జాంగో పైథాన్‌లో, లారవెల్ పీహెచ్‌పీలో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్కులు. వాడికి వాట్సాప్‌లో రాయడం మొదలుపెడితే అది ఇంత పొడుగు అయ్యింది, అందుకే అందరికీ పనికొచ్చేలా ఇక్కడ పెడుతున్నాను. ఫిల్టర్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను, కోడ్‌లో మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.

ఫిల్టర్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: టెంప్లేట్‌లో, అంటే విలువల చోట్లు ఖాళీగా వదిలిన పేజీ అచ్చులో, జంట మీసాల బ్రాకెట్ల మధ్య విలువ పేరు రాసి, పక్కన నిలువు గీత పెట్టి ఇంకో పేరు రాస్తాం కదా, ఆ రెండోది ఫిల్టర్. విలువ పేజీ మీదకి వెళ్లేముందు దాని చేతుల్లోంచి వెళుతుంది. రెండు మూడు ఫిల్టర్లు వరసగా పెడితే ఎడమ నుంచి కుడికి ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఆ వరస మారితే ఫలితం మారిపోతుంది.

ముందు ఎస్కేప్ సంగతి తేల్చుకోవాలి

ఏ లైబ్రరీ తీసుకోవాలి అన్నప్పుడు నేను మొట్టమొదట చూసేది ఒక్కటే. ఏ ఫిల్టరూ పెట్టకుండా వదిలేస్తే అది ఏం చేస్తుంది? మనం ఏదో ఒక రోజు మర్చిపోతాం, అర్ధరాత్రి రెండింటికి కస్టమర్ తొందరపెడుతుంటే తప్పకుండా మర్చిపోతాం, అలాంటప్పుడు కాపాడేది ఆ డిఫాల్ట్ ఒక్కటే.

జాంగో 2008లో 1.0 వచ్చినప్పటి నుంచీ తనంతట తానే ఎస్కేప్ చేస్తుంది. అంటే చిన్నది, పెద్దది గుర్తులు, యాంపర్శాండ్, జంట కోట్, ఒంటి కోట్, ఈ ఐదింటినీ బ్రౌజర్ ట్యాగులుగా చదవకుండా మామూలు అక్షరాలుగా చూపించే రూపంలోకి మారుస్తుంది. పీహెచ్‌పీలో వాడే ట్విగ్ కూడా అంతే, లారవెల్‌లోని బ్లేడ్ కూడా అంతే, జావాస్క్రిప్ట్‌లో వాడే హ్యాండిల్‌బార్స్ కూడా అంతే. ఫ్లాస్క్ వాడే జింజా దగ్గర జాగ్రత్త. జింజాని విడిగా తెచ్చుకుని ఎన్విరాన్‌మెంట్ మీరే తయారు చేసుకుంటే ఆటోఎస్కేప్ ఆఫ్‌లో ఉంటుంది. ఫ్లాస్క్‌తో వస్తే ఆన్‌లో ఉంటుంది, కానీ ఫైలు పేరు హెచ్‌టీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్ లాంటి ఎక్స్‌టెన్షన్‌తో ముగిస్తేనే. కొంతమందికి ఎడిటర్‌లో రంగులు బాగా రావాలని ఫైలు పేరు చివర జే2 అని తగిలించే అలవాటు ఉంది, అలా చేసిన ఫైలుకి ఫ్లాస్క్ ఎస్కేప్ చెయ్యదు, చెయ్యట్లేదని మీకు చెప్పదు కూడా. పీహెచ్‌పీలోనే ఇంకోటైన స్మార్టీలో డిఫాల్ట్‌గా ఏదీ ఎస్కేప్ అవ్వదు, సెట్టింగ్ మీరే ఆన్ చేసుకోవాలి, వాళ్ల డాక్యుమెంటేషనే ఆన్ చేసుకోమని చెబుతుంది. షాపిఫై వాళ్ల లిక్విడ్‌లో కూడా ఎస్కేప్ ఫిల్టర్ చేత్తో రాయాల్సిందే.

ఇక్కడ తెలుగువాళ్లం పడే ఒక ప్రత్యేకమైన గొయ్యి ఉంది. చిన్నది గుర్తు తర్వాత ఇంగ్లీషు అక్షరం వస్తేనే బ్రౌజర్ దాన్ని ట్యాగు తెరిచినట్టు అనుకుంటుంది. దాని తర్వాత "క" వచ్చినా, "9" వచ్చినా, ఖాళీ వచ్చినా అది మామూలు గుర్తుగానే తెర మీద పడిపోతుంది. మనం టెస్ట్ చేసేటప్పుడు "ధర <900 ఉంటే చెప్పండి" అని తెలుగులో కామెంటు రాసి చూస్తాం, చక్కగా కనపడుతుంది, ఓహో ఎస్కేప్ అవుతోంది అనుకుంటాం. అవ్వట్లేదు. ఎవడో వచ్చి స్క్రిప్ట్ ట్యాగు రాసిన రోజున తెలుస్తుంది. 2005 అక్టోబరులో మైస్పేస్‌లో శామీ అనే కుర్రాడు తన ప్రొఫైల్ పేజీలో పెట్టిన స్క్రిప్ట్ ఒక్కరోజు తిరక్కుండానే పది లక్షలకి పైగా ప్రొఫైళ్లకి పాకింది. అంత పెద్ద సైట్‌కే ఆ గతి పట్టినప్పుడు మన జీడిపప్పు షాపు రివ్యూల పేజీ ఎంత?

కాబట్టి నా సలహా సూటిగా: డిఫాల్ట్‌గా ఎస్కేప్ చేసేదాన్నే ఎంచుకోండి. పాత ప్రాజెక్టు స్మార్టీలో ఉందంటే ముందు ఆ సెట్టింగ్ ఆన్ చేసి, పేజీలన్నీ ఒకసారి తిరిగి చూసి, ఆ తర్వాతే కొత్త పని మొదలుపెట్టండి.

కానీ ఆటోఎస్కేప్ ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోలేం. అది హెచ్‌టీఎంఎల్ మధ్యలో పడే మాటకి సరిపోతుంది, ట్యాగు లోపల కోట్స్ మధ్య రాసే విలువకి, అంటే యాట్రిబ్యూట్‌కీ సరిపోతుంది. కోట్స్ పెట్టడం మానేస్తే ఒక్క ఖాళీ చాలు, ఆ తర్వాత వచ్చేదంతా కొత్త యాట్రిబ్యూట్ అయి కూర్చుంటుంది. ఇక బటన్ మీద ఆన్‌క్లిక్‌లో కస్టమర్ పేరు నేరుగా పెడితే, ఎస్కేప్ అయిన ఒంటి కోట్‌ని బ్రౌజర్ మళ్లీ మామూలు కోట్‌గా మార్చాకే జావాస్క్రిప్ట్‌కి ఇస్తుంది, అంటే మన కష్టం అక్కడ వృథా. అలాంటప్పుడు విలువని డేటా యాట్రిబ్యూట్‌లో పెట్టి స్క్రిప్ట్‌లోంచి చదువుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే తేలిక, ఏ లైబ్రరీలో అయినా ఒకేలా పనిచేస్తుంది. పెద్ద డేటా అయితే జాంగోలో జేసన్ స్క్రిప్ట్ ఫిల్టర్ ఉంది, 2.1 నుంచి వస్తోంది. జింజాలో టు జేసన్ ఉంది. ట్విగ్‌లో ఎస్కేప్ ఫిల్టర్‌కే జేఎస్, సీఎస్ఎస్, యూఆర్ఎల్, హెచ్‌టీఎంఎల్ యాట్రిబ్యూట్ అని ఏ చోటుకో చెప్పొచ్చు, ఆ విషయంలో ట్విగ్ ముందుంది. గో భాషలోని హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ ప్యాకేజీ ఇంకా ముందుంది, విలువ పడే చోటు ఏమిటో అదే కనిపెట్టి దానికి తగ్గ ఎస్కేప్ వేస్తుంది. పీహెచ్‌పీలో లాటే కూడా ఆ పని చేస్తుంది.

లింకుల విషయం ఒకటుంది. యూజరు ఇచ్చిన వెబ్‌సైట్ అడ్రసుని లింకులో పెట్టేటప్పుడు అది "జావాస్క్రిప్ట్" అనే మాటతో, కోలన్‌తో మొదలైతే మామూలు ఎస్కేప్ ఏదీ ఆపలేదు, ఎందుకంటే అందులో ఆపాల్సిన గుర్తు ఒక్కటీ లేదు. అడ్రసు హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవుతోందా లేదా అని సేవ్ చేసేటప్పుడే చూసుకోవాలి.

సేవ్ చేసేటప్పుడా, చూపించేటప్పుడా?

ఇది చాలామంది తప్పు చేసే ఎంపిక. డేటాబేస్‌లో పెట్టేముందే ఎస్కేప్ చేసేస్తే పీడ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన షాపు పేరు చివర "& సన్స్" అని ఉంటుంది. సేవ్ చేసేటప్పుడు ఒకసారి ఎస్కేప్ అయ్యింది, టెంప్లేట్‌లో ఇంకోసారి అయ్యింది, పేజీ మీద యాంపర్శాండ్ పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక సెమికోలన్ తేలాయి. సరే, టెంప్లేట్‌లో సేఫ్ అని, అంటే ఎస్కేప్ చెయ్యొద్దని చెప్పే ఫిల్టర్ పెట్టి సరిచేశాను అనుకున్నా. తర్వాత బిల్లు పీడీఎఫ్‌లో అదే చెత్త, ఎక్సెల్‌లో అదే చెత్త, కస్టమర్లకి వెళ్లే ఎస్ఎంఎస్‌లో కూడా అదే. ఆయన అప్పటికే రెండొందల బిల్లులు పంపేసి ఉన్నారు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సేఫ్ ఫిల్టర్ వల్ల ఇంకో ప్రమాదం: ఆ ఒక్క చోట రక్షణ పూర్తిగా తీసేసినట్టే.

డేటాబేస్‌లో మనిషి ఏం టైప్ చేశాడో అదే ఉండాలి. మార్పులన్నీ బయటికి వెళ్లే గుమ్మం దగ్గర జరగాలి, ఎందుకంటే ఒకే పేరు నాలుగు గుమ్మాల్లోంచి బయటికి వెళుతుంది, నాలుగింటికీ నాలుగు రకాల శుభ్రం కావాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

సేఫ్, రా, మూడు మీసాల బ్రాకెట్లు, బ్లేడ్‌లోని ఆశ్చర్యార్థక గుర్తుల జంట, ఇవన్నీ ఎస్కేప్‌ని ఆపేసేవే, వీటిని వాడే ప్రతి లైను పక్కన ఎందుకు వాడామో కామెంటు రాయాలని మా దగ్గర పనిచేసే పిల్లలకి చెబుతాను. కారణం రాయలేకపోతే అది వాడకూడదు.

కోత: ఎవరి లెక్కలో అక్షరం?

ఇంగ్లీషులో రాసిన గైడ్లు ఎన్ని చదివినా ఈ భాగం దొరకదు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

"శ్రీకాకుళం" తీసుకోండి. చదివేవాళ్లకి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కోడ్‌పాయింట్లు పది. యూటీఎఫ్-8లో బైట్లు ముప్ఫై, ఎందుకంటే తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోదానికి మూడు బైట్లు. అదే మాటని లింకులో పెట్టి శాతం గుర్తులతో ఎన్‌కోడ్ చేస్తే తొంభై అక్షరాలు. ఒకే ఊరికి నాలుగు పొడవులు. అంచేత ట్రంకేట్ అనే కోత ఫిల్టర్‌కి "10" అని ఇచ్చేముందు ఆ పది దేనిలో పది అని అడగాలి.

అన్నిటికంటే ఘోరం బైట్ల లెక్క. పీహెచ్‌పీలో మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లు లెక్కపెడుతుంది, ఇరవై దగ్గర కోస్తే ఆరు కోడ్‌పాయింట్లు పూర్తిగా వచ్చి ఏడోది సగంలో తెగుతుంది, తెర మీద ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ పడుతుంది. మన జిల్లాల్లో పాత సైట్లు చాలావాటిలో ఆ నల్ల డైమండ్లు ఇప్పటికీ కనపడతాయి. ఎంబీ అనే ముందుమాట ఉన్న ఫంక్షన్లు వాడితే అది పోతుంది, అవి కోడ్‌పాయింట్లు లెక్కపెడతాయి. జింజా ట్రంకేట్, లారవెల్ లిమిట్ కూడా దాదాపు అదే లెక్క. డైమండ్ రాదు గానీ, నాకు జరిగినట్టు సున్న పోవచ్చు, "శ్రీ" మధ్యలో తెగి "శ్" అని పొల్లు మిగలవచ్చు. దీర్ఘం పోతే అర్థమే మారిపోయే మాటలు మన భాషలో కోకొల్లలు.

దీని పైమెట్టు కంటికి కనిపించే అక్షరం లెక్క, యూనికోడ్ వాళ్లు గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. ఇందులో కూడా ఒక మెలిక ఉంది. 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ఆ నియమాల ప్రకారం "శ్రీ" ఒక్క ముక్క కాదు, "శ్" ఒకటి, "రీ" ఒకటి. 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి ఒత్తులు విడిపోకుండా ఉండే నియమం చేర్చారు. అంటే మీ సర్వర్‌లో యూనికోడ్ నియమాల్ని నడిపే ఐసీయూ లైబ్రరీ 74 కంటే పాతదైతే గ్రాఫీమ్ లెక్కలో కోసినా ఒత్తు తెగే అవకాశం ఉంది. గుణింతాలు, సున్నలు మాత్రం పాతదాంట్లో కూడా తెగవు. ట్విగ్‌లో స్ట్రింగ్ ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేసుకుంటే "యూ" అనే ఫిల్టర్ వస్తుంది, అది గ్రాఫీమ్ లెక్కలోనే కోస్తుంది, మాట మధ్యలో కొయ్యొద్దని కూడా చెప్పొచ్చు. సర్వర్ వైపు తెలుగు కోతకి తయారుగా దొరికేవాటిలో నాకు నచ్చింది ఇదే. పైథాన్‌లో ఇలాంటిది టెంప్లేట్‌తో పాటు రాదు, రెజెక్స్ అనే బయటి మాడ్యూల్ తెచ్చుకుని సొంత ఫిల్టర్ రాసుకోవాలి. బ్రౌజర్‌లో అయితే ఇంటల్ సెగ్మెంటర్ ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో కూడా 2024 నుంచి వచ్చేసింది.

అయితే ఇంత కష్టం నిజంగా కావాలా? చాలాసార్లు అక్కర్లేదు. మాటల లెక్కన కొయ్యండి. జాంగోలో ట్రంకేట్ వర్డ్స్, లారవెల్‌లో వర్డ్స్, జింజాలో ట్రంకేట్‌ని కిల్ వర్డ్స్ (మాట మధ్యలోనైనా కొయ్యమనే ఆప్షన్) లేకుండా అలాగే వదిలేస్తే సరిపోతుంది, ఖాళీ ఉన్న చోటే కోస్తుంది, ఒత్తుల గొడవే రాదు. జింజా దాంట్లో ఇంకో చిన్న మంచి ఉంది, ఇచ్చిన పొడవు కంటే ఐదు ఎక్కువ ఉన్నా కొయ్యకుండా వదిలేస్తుంది, ఒక్క అక్షరం కోసం మూడు చుక్కలు పెట్టే పని తప్పుతుంది. ఇంగ్లీషు సైట్ చూసి ఇరవై ఐదు మాటలు అని మాత్రం పెట్టకండి, తెలుగు మాట పొడుగు, విభక్తి కూడా దానికే అంటుకుని ఉంటుంది, నేను పదిహేను దగ్గర మొదలుపెడతాను.

కార్డుల్లాంటి చోట, అంటే జాగా పట్టకపోవడమే సమస్య అయిన చోట, అసలు ఫిల్టరే వద్దు. సీఎస్ఎస్‌లో లైన్ క్లాంప్ పెట్టి రెండు లైన్లు చాలు అని చెప్పండి. ఫాంట్ ఎంత వెడల్పో, ఫోన్ ఎంత వెడల్పో బ్రౌజర్‌కి తెలిసినంతగా సర్వర్‌కి ఎప్పటికీ తెలియదు. పూర్తి మాట పేజీలోనే ఉంటుంది, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకీ వెతికేవాళ్లకీ అందుతుంది. ఆ బట్టల షాపు కార్డుకి చివరికి నేను చేసింది ఇదే, ఫిల్టర్ తీసేశాను.

సర్వర్‌లోనే కొయ్యక తప్పనివి రెండు మూడు ఉన్నాయి. వాట్సాప్‌లో లింకు పంపితే కనిపించే చిన్న వివరణ ఒకటి, దానికి ముందు ట్యాగులు తీసి తర్వాత మాటల లెక్కన కొయ్యాలి, వరస తిరగేస్తే ట్యాగు మధ్యలో తెగుతుంది. ఎస్ఎంఎస్ ఇంకోటి. అక్కడ మాత్రం కోడ్‌పాయింట్ల లెక్కే సరైన లెక్క, ఎందుకంటే తెలుగు మెసేజ్ ఒకదానికి 70 పడతాయి, అది దాటి ముక్కలైతే ఒక్కో ముక్కకి 67. అరసవల్లిలో రథసప్తమి రోజు దర్శనం వేళల గురించి మెసేజ్‌లు పంపాలనుకోండి, కంటికి ముప్ఫై అక్షరాలే కదా అని లెక్కేస్తే డెబ్బై ఎప్పుడు దాటిందో తెలియదు, డబ్బులు రెండింతలు అవుతాయి. కోత మాటల దగ్గర ఉండాలి, పరిమితి మాత్రం కోడ్‌పాయింట్లలో చూసుకోవాలి.

"వెబ్‌సైట్" అని సరిగ్గా రాసినప్పుడు "బ్" తర్వాత కంటికి కనిపించని ఒక నాన్-జాయినర్ గుర్తు కూడా ఉంటుంది, అది కూడా లెక్కలోకి వస్తుంది. వెతికేటప్పుడు ఇది ఉన్న మాట, లేని మాట వేరువేరు అయిపోతాయి. ఎక్కడైనా రెండు తెలుగు పేర్లు ఒకేలా ఉన్నా కంప్యూటర్ కాదంటోంది అంటే ముందు దీన్ని అనుమానించండి.

పేరు ఒకటే, పని వేరు

ఒక లైబ్రరీ నుంచి ఇంకోదానికి మారేవాళ్లు డిఫాల్ట్ అనే ఫిల్టర్ దగ్గర దెబ్బతింటారు. స్టాకు ఖాళీగా ఉంటే "వివరాలు లేవు" అని చూపించమన్నామనుకోండి. జాంగోలో స్టాకు సున్నా కిలోలు ఉన్నా "వివరాలు లేవు" అనే వస్తుంది, సున్నాని కూడా అది లేనట్టే చూస్తుంది, కాబట్టి అక్కడ డిఫాల్ట్ ఇఫ్ నన్ వాడాలి (నన్ అంటే పైథాన్‌లో విలువే లేదని చెప్పే మాట). ట్విగ్‌లో సున్నా సున్నాగానే వస్తుంది. జింజాలో వేరియబుల్ అసలు పంపకపోతేనే పనిచేస్తుంది, పంపిన విలువ నన్ అయితే పేజీ మీద నన్ అనే ఇంగ్లీషు మాటే పడుతుంది, రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇస్తే గానీ మారదు. జీడిపప్పు గ్రేడు పక్కన స్టాకు లేదని తెలియడం వేరు, వివరం తెలియకపోవడం వేరు, కొనేవాడికి ఆ తేడా ముఖ్యం.

అంకెలకి కామాలు కూడా చూసుకోండి. మామూలు నంబర్ ఫార్మాట్ ఫిల్టర్లు లక్షా ఇరవై ఐదు వేలని 125,000 అని రాస్తాయి, మనకి 1,25,000 కావాలి. ట్విగ్‌లో ఇంటల్ ఎక్స్‌ట్రా వేసుకుని ఇండియా లొకేల్ ఇస్తే సరిగ్గా వస్తుంది. పైథాన్‌లో బాబెల్ లైబ్రరీ ఆ పని చేస్తుంది. జాంగో సొంత సెట్టింగులో గుంపుల పరిమాణం 3, 2, 0 అని ఇవ్వొచ్చు.

శీర్షికని లింకులో పెట్టే పేరుగా మార్చే స్లగిఫై గురించి మాత్రం గట్టిగా చెబుతాను. జాంగో టెంప్లేట్‌లో ఈ ఫిల్టర్‌కి "శ్రీకాకుళం" ఇస్తే ఖాళీ వస్తుంది, ఇంగ్లీషు కానివన్నీ తీసేస్తుంది. పైథాన్ కోడ్‌లో యూనికోడ్ ఉంచమని చెబితే బాగుపడుతుందనుకుంటే అదీ కాదు, "శరకకళ" అని వస్తుంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ గుణింతాలనీ సున్ననీ పొల్లునీ అక్షరాలుగా ఒప్పుకోకపోవడమే దానికి కారణం. ఊళ్ల పేర్లన్నీ అలా గుణింతాలు రాలిపోయి ఉంటే చూడ్డానికి బాధగా ఉంటుంది. తెలుగు శీర్షికల సైట్ అయితే నా పద్ధతి: లింకులో ఒక అంకె ఐడీ, దాని పక్కన ఎడిటర్ చేత్తో టైప్ చేసిన చిన్న ఇంగ్లీషు అక్షరాల పేరు. ట్విగ్‌లో స్లగ్ ఫిల్టర్ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోకి మారుస్తుంది, దాన్ని మొదటి చిత్తుగా తీసుకుని మనిషి ఒకసారి చూడాలి. తెలుగులోనే లింకు ఉంచితే కాపీ చేసి పంపినప్పుడు చాలా చోట్ల ఆ తొంభై అక్షరాల శాతం గుర్తుల తాడు బయటపడుతుంది.

అప్పర్, టైటిల్, క్యాపిటలైజ్ ఫిల్టర్లు తెలుగుకి ఏమీ చెయ్యవు, హానీ లేదు.

యూజరు బోల్డు, లింకులు పెట్టుకుంటానంటే

స్కూల్ సైట్లలో నోటీసులు వర్డ్‌లోంచి కాపీ చేసి అతికిస్తారు. అప్పుడు ఎస్కేప్ చేస్తే ట్యాగులన్నీ అక్షరాలుగా కనపడతాయి, సేఫ్ పెడితే తలుపులు బార్లా తెరిచినట్టే. ఈ రెండింటి మధ్య చాలామంది స్ట్రిప్ ట్యాగ్స్ పెట్టి పైన సేఫ్ పెడతారు. వద్దు. స్ట్రిప్ ట్యాగ్స్ తీసేశాక మిగిలింది సురక్షితం అని జాంగో హామీ ఇవ్వదు, దాని ఫలితం మీద సేఫ్ పెట్టొద్దని స్పష్టంగా రాసి ఉంది. ఇక్కడ కావాల్సింది శానిటైజర్, అంటే ఏ ట్యాగులు ఉండొచ్చో మనం జాబితా ఇస్తే మిగతావన్నీ తీసేసేది. పీహెచ్‌పీలో హెచ్‌టీఎంఎల్ ప్యూరిఫయర్ ఎప్పటినుంచో ఉంది, సింఫనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కు వాడేవాళ్లకి 6.1 నుంచి వాళ్లదే ఒకటి ఉంది. పైథాన్‌లో బ్లీచ్ అందరూ వాడేవాళ్లు, 2023 జనవరిలో దాన్ని ఇక అభివృద్ధి చెయ్యబోమని ప్రకటించారు, కొత్త పనికి ఎన్‌హెచ్3 తీసుకోండి. బ్రౌజర్ వైపు అయితే డోమ్‌ప్యూరిఫై.

కేవలం లైన్లు విడగొట్టడం చాలు అనుకుంటే శానిటైజర్ అక్కర్లేదు. జాంగో లైన్ బ్రేక్స్, ట్విగ్ ఎన్ఎల్2బీఆర్ రెండూ ముందు ఎస్కేప్ చేసి తర్వాతే విరుపు ట్యాగు పెడతాయి. జింజాతో పాటు ఇది రాదు, అందరూ సొంతంగా రాసుకుంటారు, రాసేటప్పుడు ఎస్కేప్ ముందు, ట్యాగు తర్వాత అనే వరస తప్పితే మొత్తం పోయినట్టే. సొంత ఫిల్టర్ ఏదైనా రాసేముందు జింజా డాక్యుమెంటేషన్‌లో ఇదే ఉదాహరణ ఉంది, దాన్ని చూసి రాయండి.

మరి మా తమ్ముడు ఏం తీసుకోవాలి?

వాడికి పైథాన్ వచ్చు, లాగిన్, అడ్మిన్ పేజీలు కావాలి. జాంగో తీసుకోమన్నాను. ఫిల్టర్లు ఎక్కువ, డిఫాల్ట్ భద్రంగా ఉంటుంది, తెలుగు కోతకి ట్రంకేట్ వర్డ్స్ చాలు, స్లగిఫై ఒక్కటి ముట్టుకోవద్దన్నాను. చిన్న ఏపీఐతో పాటు రెండు మూడు పేజీలే అయితే ఫ్లాస్క్ తీసుకుని ఫైలు పేర్లు సరిగ్గా పెట్టుకుంటే బాగానే ఉంటుంది. నెలకి వందా రెండొందల చౌక హోస్టింగ్‌లో షాపుల సైట్లు పెట్టేవాళ్లకి పీహెచ్‌పీయే దిక్కు, అక్కడ ఫిల్టర్ల కోసమే ఎంచుకోవాలంటే నా ఓటు ట్విగ్‌కి. కాకపోతే హోస్టింగ్‌లో ఇంటల్ ఎక్స్‌టెన్షన్ ఆన్‌లో ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి, అది లేకపోతే నేను పైన పొగిడిన పనుల్లో కొన్ని సరిగ్గా జరగవు. లారవెల్ ఇప్పటికే నేర్చుకున్నవాళ్లు దాన్ని వదలక్కర్లేదు, బ్లేడ్‌లో నిలువు గీత ఫిల్టర్లు ఉండవు గానీ ఏ ఫంక్షన్‌నైనా నేరుగా పిలవొచ్చు, కోత ఒక్కటే గ్రాఫీమ్ ఫంక్షన్‌తో చేసుకుంటే సరి.

ఏది తీసుకున్నా పని అప్పగించేముందు నేను ప్రతి పెట్టెలో నాలుగు మాటలు టైప్ చేసి చూస్తాను: "విజయనగరం", "శ్రీకాకుళం & ఇచ్ఛాపురం", ఒంటి కోట్ ఉన్న ఒక ఇంగ్లీషు పేరు, ఇంగ్లీషు బీ అక్షరంతో ఉన్న బోల్డు ట్యాగు. పేజీ మీద, బిల్లులో, ఎస్ఎంఎస్‌లో, వాట్సాప్ ప్రివ్యూలో ఈ నాలుగూ టైప్ చేసినట్టే కనపడాలి. తమ్ముడు నిన్న రాత్రి ఇవి కొట్టి చూసి స్క్రీన్‌షాట్ పంపాడు, మూడు బాగానే ఉన్నాయి, బోల్డు ట్యాగు మాత్రం అక్షరాలుగా కనపడకుండా మాటని లావుగా చేసేసింది. వెతికితే ఎక్కడో కాపీ కొట్టిన టెంప్లేట్‌లో ఒక సేఫ్ దాక్కుని ఉంది.